జీవమిచ్చేది దేవుడు, అన్నం పెట్టవలసింది మనము

(పిల్లల వార్డులో రోగుల కుటుంబాల వారికి ఒక నర్సు సిస్టరు ఇచ్చిన ఆరోగ్య ప్రసంగం)

మీలో క్రైస్తవ కుటుంబాల వారున్నారు, ఇతర మతాల వారూ ఉన్నారు. బిడ్డ జబ్బు పడితే ఎవరి ఇంట్లోనైనా ఆవేదన ఒక్కటే. గనుక ఈ మాటలు మనందరి కోసమని వినండి.

మార్కు సువార్త 5వ అధ్యాయములో సమాజమందిరపు అధికారి యాయీరు కుమార్తె సంగతి ఉన్నది. ఆ చిన్నదానికి పన్నెండేళ్ళు. ప్రాణం పోయిందని ఇంటినిండా ఏడుపులు. యేసు ప్రభువు లోపలికి వెళ్ళి, ఆమె చెయ్యి పట్టుకొని లేపాడు. ఆ తరువాత ఆయన చెప్పిన మాటను చాలామంది గమనించరు. అమ్మాయికి తినడానికి ఏదైనా పెట్టమని ఆ ఇంటివారికి చెప్పాడు. చనిపోయిన బిడ్డను లేపినవాడు ఆమె ఆకలి తీర్చలేడా? తీర్చగలడు. కాని ఆ పనిని ఇంటివారికే అప్పగించాడు.

ఇక్కడ వార్డులోనూ అంతే. సెలైను ఎక్కించడం, ఇంజెక్షను చేయడం, జ్వరం చూడడం డాక్టరుగారూ మేమూ చేస్తాము. నాలుగు రోజుల తరువాత మీరు బిడ్డను ఎత్తుకొని ఇంటికి వెళ్తారు. అక్కడ నర్సులు మీరే. క్రైస్తవ గృహమంటే గోడ మీద వాక్యాల క్యాలెండరు, ఆదివారం ఆరాధన మాత్రమే కాదు. మూత వేసిన నీళ్ళ బిందె, సబ్బుతో కడిగిన చేతులు, వేళకు పెట్టిన అన్నం ముద్ద, ఇవన్నీ దేవుడు ఇంటివారికి అప్పగించిన పరిచర్యే.

విరేచనాలు పట్టుకున్నప్పుడు

పిల్లల వార్డులకు వచ్చే జబ్బులలో విరేచనాలు ముఖ్యమైనవి. చాలామంది బిడ్డకు ప్రమాదం తెచ్చేది విరేచనం కాదు, ఒంట్లో నీరు తగ్గిపోవడం. అయినా ఇళ్ళలో ఏం చేస్తారు? “నీళ్ళు తాగిస్తే ఇంకా ఎక్కువవుతాయి” అని నీళ్ళు మానిపిస్తారు. “పాలు పడలేదు” అని తల్లిపాలు కూడా ఆపేస్తారు. కుండకు చిల్లి పడి నీరు కారిపోతుంటే, పైనుండి పోయడం కూడా ఆపితే ఏమవుతుంది? కుండ త్వరగా ఖాళీ అవుతుంది. బిడ్డ విషయమూ అంతే.

ఓ.ఆర్.ఎస్. పొట్లం గురించి మీరు వినే ఉంటారు. వట్టి నీటిని జబ్బుపడిన పేగు సరిగా పీల్చుకోదు. ఉప్పు, పంచదార తగిన పాళ్ళలో కలిసి ఉంటే పేగు వాటితోపాటు నీటినీ లోపలికి తీసుకుంటుంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయాన పశ్చిమ బెంగాల్‌లోని బనగాఁవ్ శరణార్థుల శిబిరంలో కలరా వచ్చింది. సెలైను సీసాలు చాలలేదు. డాక్టరు దిలీప్ మహలనబిస్ గారు ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీటిని నోటి ద్వారా తాగించే ఏర్పాటు చేశారు. అంతకు ముందు నూటికి 30 మంది దాకా చనిపోతున్న చోట మరణాలు నూటికి 4 కన్న తక్కువకు దిగాయి. ఆ నీటిని గ్లాసులతో తాగించింది ఎక్కువగా ఎవరో తెలుసా? రోగుల తల్లులు, బంధువులు. అంటే మీలాంటి వారే.

కలిపే పద్ధతి చెబుతాను, జాగ్రత్తగా వినండి.

1. చేతులు సబ్బుతో కడుక్కోండి. కాచి చల్లార్చిన నీళ్ళు ఒక లీటరు కొలిచి శుభ్రమైన గిన్నెలో పోయండి.
2. పెద్ద పొట్లం మొత్తం ఒకేసారి కలపండి. సగం ఇప్పుడు, సగం రేపు అని గ్లాసు నీటిలో అందాజుగా కలపవద్దు. ఉప్పు పాళ్ళు తప్పితే బిడ్డకు హాని. లీటరు పొట్లం కాకుండా చిన్నది ఇచ్చినట్లయితే దానిమీద రాసిన కొలత ప్రకారమే కలపండి.
3. రెండేళ్ళ లోపు బిడ్డకు ప్రతి విరేచనం తరువాత పావు నుండి అర గ్లాసు, రెండేళ్ళు దాటిన బిడ్డకు అర నుండి ఒక గ్లాసు, చెంచాతోనో గుటకలుగానో తాగించండి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్ళీ నిదానంగా మొదలుపెట్టండి.
4. మూతపెట్టి ఉంచండి. 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలపండి.

అర్ధరాత్రి పొట్లం దొరకకపోతే, లీటరు నీటికి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. చెంచా అంటే టీ చెంచా, తలకొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువ కాకూడదు. ఉప్పు వేసిన గంజి, పలుచటి మజ్జిగ కూడా మంచివే. కూల్‌డ్రింకులు, దుకాణంలో అట్టపెట్టెల్లో అమ్మే తీయటి పానీయాలు దీనికి బదులు కావు. తల్లిపాలు, అన్నం మానిపించవద్దు. డాక్టరుగారు రాసిన జింకు మాత్రలు విరేచనాలు తగ్గినా 14 రోజులూ వేయండి. మూడవ రోజున ఆపేసే ఇళ్ళే ఎక్కువ.

బిడ్డ మత్తుగా పడి ఉన్నా, తాగలేకపోయినా, కళ్ళు లోతుకు పోయినా, పసిబిడ్డకు మాడు గుంట పడినా, ఆరు గంటలుగా మూత్రం పోయకపోయినా, విరేచనంలో రక్తం పడినా, వాంతులు ఆగకపోయినా ఇంటి వైద్యం చాలదు. తెల్లవారే దాకా చూద్దామని అనవద్దు. దారిలో ఓ.ఆర్.ఎస్. తాగిస్తూనే తీసుకొని రండి. బిడ్డకు స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయవద్దు.

జబ్బు ఇంటిలోకి వచ్చే దారులు

విరేచనాల క్రిములు ఎక్కువగా చేతుల మీదుగా వస్తాయి. మరుగుదొడ్డికి వెళ్ళి వచ్చిన తరువాత, బిడ్డకు కడిగిన తరువాత, వంటకు ముందు, తినిపించేముందు, ఈ నాలుగు వేళల్లో సబ్బు వాడండి. పసిబిడ్డ మలం ఏమీ చేయదని పెరట్లో పారేస్తారు. అది కూడా పెద్దవారి మలం వలె జబ్బులు తెస్తుంది. మరుగుదొడ్డిలోనే వేయండి. తాగే నీటి బిందెలో చేయి, గ్లాసు ముంచకుండా పొడుగు కాడ ఉన్న గరిటె పెట్టండి.

రోటా వైరస్ అనే క్రిమి వల్ల వచ్చే విరేచనాలకు చుక్కల టీకా ఉంది. 2016లో ప్రభుత్వ టీకాలలో దీనిని మొదట ప్రారంభించిన నాలుగు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 6, 10, 14 వారాలకు ఉచితంగా ఇస్తారు. తట్టు, రుబెల్లా టీకా 9 నెలలు నిండగానే ఒకసారి, 16 నుండి 24 నెలల మధ్య మరొకసారి వేయించాలి. టీకాల కార్డును బైబిలు పెట్టే చోటనే భద్రంగా పెట్టుకోండి.

పసిబిడ్డ ఆహారం

కాన్పు అయిన గంటలోపే ముర్రుపాలు పట్టించండి. చిక్కగా, పసుపుగా ఉన్నాయని పిండి పారబోయవద్దు. బిడ్డకు మొదటి రక్షణ అదే. ఆరు నెలలు నిండే వరకు తల్లిపాలు తప్ప తేనె, చక్కెర నీళ్ళు, ఆముదం ఏవీ వద్దు. ఏడాది లోపు బిడ్డకు తేనె అసలే పెట్టకూడదు. ఆరు నెలలు నిండిన తరువాత మెత్తగా కలిపిన పప్పన్నం, దానిలో చెంచా నూనె లేక నెయ్యి, రాగి జావ, ఉడికించిన కూరగాయలు, గుడ్డు కొద్దికొద్దిగా అలవాటు చేయండి. తల్లిపాలు రెండేళ్ళ దాకా ఇవ్వవచ్చు. టీలో బిస్కెట్టు ముంచి పెడితే కడుపు నిండుతుంది గాని ఒంటికి బలం రాదు.

ఇంకొక మాట. మగబిడ్డకు గుడ్డు, ఆడబిడ్డకు పులుసు అన్న తేడా ఏ ఇంట్లోనూ ఉండకూడదు. యాయీరు ఇంట్లో ప్రభువు లేపినది ఒక ఆడపిల్లను. తినడానికి పెట్టమన్నదీ ఆ ఆడపిల్లకే.

నేల మీద పొంచి ఉన్న అపాయాలు

కిరసనాయిలు, పురుగుమందు, యాసిడ్ వంటివి కూల్‌డ్రింకు సీసాలో పోసి మూలన పెట్టవద్దు. బిడ్డకు అది కూల్‌డ్రింకు సీసాయే. ఇవి తాగిన బిడ్డకు ఉప్పునీళ్ళు పోసి వాంతి చేయించవద్దు. ఊపిరితిత్తులలోకి పోతే అపాయం ఇంకా ఎక్కువ. సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి రండి. కాగిన గంజి, పులుసు గిన్నెలు పిల్లలు పాకే నేల మీద పెట్టవద్దు. కాలితే కాలినచోట 20 నిమిషాలు చల్లటి నీళ్ళు పోయండి. టూత్‌పేస్టు, సిరా, పేడ పూయవద్దు. నీళ్ళ తొట్టెకు మూత తప్పక ఉండాలి.

ప్రార్థన చేస్తూనే మందు

కొందరు “ప్రార్థన చేస్తున్నాము కదా, మందు ఎందుకు?” అంటారు. రాజులు రెండవ గ్రంథము 20వ అధ్యాయము చదవండి. హిజ్కియా రాజు మరణకరమైన రోగంలో కన్నీళ్ళతో ప్రార్థించాడు. దేవుడు విన్నాడు, ఆయుష్షు పొడిగించాడు. అయినా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. ప్రార్థన విన్న దేవుడే ఆ ముద్దనూ వాడుకున్నాడు. కనుక ప్రార్థించండి, మానవద్దు. ఆసుపత్రికి వచ్చే దారిలో కూడా ప్రార్థించండి. కాని ప్రార్థన పేరుతో ఆలస్యం చేయవద్దు. ఫిట్స్ వచ్చిన బిడ్డకు వాతలు పెట్టడం, ముక్కులో నూనె చుక్కలు వేయడం విశ్వాసం కాదు, వైద్యమూ కాదు. ఆ నూనె ఊపిరితిత్తులలోకి దిగి న్యుమోనియా తెస్తుంది. దగ్గుతోపాటు డొక్కలు ఎగరేస్తున్న బిడ్డను ఒక్క గంట కూడా ఇంట్లో ఉంచవద్దు.

ఇది ఒక్క తల్లి పని కాదు

ఇప్పటి వరకు చెప్పినవన్నీ విని తండ్రులు “ఇవి ఆడవాళ్ళ సంగతులు” అనుకోవచ్చు. బిడ్డ ఆలస్యంగా వచ్చినప్పుడు తల్లిని అడిగితే ఆమె చెప్పే జవాబు తరచు ఇలా ఉంటుంది: “ఆయన ఊళ్ళో లేడు సిస్టర్. డబ్బు ఆయన దగ్గరే ఉంది. అత్తమ్మ రేపు పోదాం అన్నది.” తల్లికి అపాయం ముందే తెలిసింది. కదలడానికి అధికారం లేదు. ఆ ఒక్క రాత్రిలో బిడ్డ ప్రాణం మీదికి వస్తుంది.

మత్తయి సువార్త 2వ అధ్యాయములో యోసేపును చూడండి. శిశువుకు అపాయమని తెలియగానే తెల్లవారే దాకా ఆగలేదు. రాత్రివేళనే లేచి శిశువును, తల్లిని తీసుకొని ఐగుప్తుకు బయలుదేరాడు. తండ్రి అంటే అలా ఉండాలి. అయ్యా, మీరు ఊరికి వెళ్ళేటప్పుడు బిడ్డ కోసం కొంత డబ్బు మీ భార్య చేతిలో పెట్టండి. “నీకు భయమనిపిస్తే నన్ను అడగనక్కరలేదు, 108కి ఫోను చేసి బయలుదేరు” అని ముందే చెప్పండి. ఇంట్లో ఉన్న రోజున నీళ్ళు కాచండి, బిడ్డకు తినిపించండి, తల్లి ఒక గంట నిద్రపోయేలా చూడండి. అలసిపోయిన తల్లి చేతిలో ఎంత ప్రేమ ఉన్నా, ఓపిక అయిపోతుంది. తాగి వచ్చి కేకలు వేసే ఇంట్లో బిడ్డ అన్నం తినదు, నిద్రపోదు. అది కూడా ఆరోగ్య విషయమే.

అవ్వలారా, మీ మాట ఇంట్లో బలమైనది. తిమోతి విశ్వాసం ముందుగా అతని అవ్వ లోయిలోను, తల్లి యునీకేలోను ఉన్నదని పౌలు భక్తుడు రాశాడు. మీరు బిడ్డకు పాట నేర్పండి, ప్రార్థన నేర్పండి, నూనె రాసి స్నానం చేయించండి. దానితోపాటు “అమ్మాయీ, పద, నేనూ ఆసుపత్రికి వస్తాను” అనే మాట కూడా మీ నోటినుండే రానివ్వండి. ఆ మాటతో ఒక ప్రాణం నిలుస్తుంది.

ఇంటికి వెళ్ళాక

ఇంటికి చేరిన రోజే ఈ నాలుగు చేయండి. రెండు ఓ.ఆర్.ఎస్. పొట్లాలు ఇంట్లో పెట్టుకోండి. బావి దగ్గర, మరుగుదొడ్డి దగ్గర, వంటింట్లో సబ్బు పెట్టండి. సీసాలలోని విషాలను ఎత్తున పెట్టి తాళం వేయండి. రాత్రి అన్నం తరువాత టీవీ ఆపి, పది నిమిషాలు అందరూ కలిసి కూర్చొని ప్రార్థించండి. ప్రార్థన అయ్యాక, బిడ్డకు జబ్బు చేస్తే రాత్రివేళ ఎవరు ఏం చేయాలో ఒకసారి మాట్లాడుకోండి.

దేవుడు మీ బిడ్డలకు పూర్ణ ఆరోగ్యమిచ్చి, మీ గృహములను సమాధానముతో నింపును గాక. ఆమేన్.