అమ్మ మొహం మీద మంగు, అద్దం దగ్గర ఆ ట్యూబు

ఈ ఎపిసోడ్ మీ చర్మం గురించి కాదు, మీ అమ్మగారి చర్మం గురించి. నలభై ఐదు దాటిన అమ్మ, పిన్ని, మేనత్త, ఆ మాటకొస్తే నాన్న కూడా. ఎందుకంటే ఇంట్లో ఆర్డర్లు పెట్టేది మనం. రీల్ చూసి "అమ్మా, ఈ సీరమ్ తెప్పించాను, రాసుకో" అనేది మనం. సీరమ్ కంటే ముందు చూడాల్సింది ఇంకోటి ఉంది. అద్దం దగ్గర, దువ్వెన పక్కన, సగం నొక్కేసిన చిన్న ట్యూబు. దాని దగ్గరికి వస్తాను. ముందు ఆ వయసులో చర్మం లోపల ఏం జరుగుతుందో చూద్దాం.

చర్మానికి బిగువునిచ్చేది కొల్లాజెన్ అనే ప్రోటీన్. ఇరవైలు దాటుతున్నప్పటి నుంచి, అంటే నా వయసు నుంచే, అది ఏడాదికి సుమారు ఒక శాతం తగ్గుతూ వస్తుంది. ఆడవాళ్లకి నెలసరి ఆగిపోయాక ఈ లెక్క మారిపోతుంది. ఈస్ట్రోజెన్ పడిపోవడం వల్ల మొదటి ఐదేళ్లలోనే చర్మంలోని కొల్లాజెన్ దాదాపు 30 శాతం పోతుంది. చర్మం పల్చబడుతుంది, జిడ్డు తగ్గి పొడిబారుతుంది, రాత్రిళ్లు దురద, చిన్న గీరుడు కూడా త్వరగా మానదు. అమ్మ "ఒళ్లంతా వేడి చేసిందిరా" అని మజ్జిగ తాగి ఊరుకుంటుంది.

మన రాష్ట్రంలో ఇది ఇంకాస్త ముందే మొదలవుతోంది. దీని గురించి ఇళ్లల్లో ఎవరూ మాట్లాడరు కాబట్టి నేను మాట్లాడతాను. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద వందకి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది. దేశంలోనే ఎక్కువ. ఆ ఆపరేషన్లో అండాశయాలు కూడా తీసేస్తే నెలసరి ఆగాక రావాల్సిన మార్పులన్నీ ముప్పై ఎనిమిదికో నలభైకో ఒక్కసారిగా వచ్చేస్తాయి. అంటే మీ అమ్మగారి వయసు 44 అయినా ఆవిడ చర్మం ఎప్పుడో ఆ దశలోకి వెళ్లిపోయి ఉండొచ్చు. ఆపరేషన్ అయిందని మనకి తెలుసు, ఏం తీశారో మనం అడగం. ఆ పాత డిశ్చార్జి కాగితం ఒకసారి తీసి చూడండి.

ఇప్పుడు ఎండ సంగతి. యాడ్స్‌లో ఎప్పుడూ ముడతలే చూపిస్తారు. మన రంగు చర్మాలకి ముడతల కంటే ముందు వచ్చేవి మచ్చలు. బుగ్గల మీద, ముక్కు మీద, నుదుటి మీద గోధుమ రంగులో పరుచుకునే మంగు. దీనికి హార్మోన్లు ఒక కారణం, ఎండ రెండో కారణం. ఎండలో మండించే కిరణాల్ని అద్దం చాలావరకు ఆపేస్తుంది కానీ, లోతుకి దిగి చర్మాన్ని ముసలిదాన్ని చేసే యూవీఏ అద్దంలోంచి వచ్చేస్తుంది. 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక ఫొటో వేశారు. 69 ఏళ్ల అమెరికా డ్రైవరు, 28 ఏళ్లు డెలివరీ ట్రక్కు నడిపాడు. కిటికీ వైపున్న ఎడమ సగం మొహం, కుడి సగం కంటే ఎన్నో ఏళ్లు ముసలిదిగా ఉంటుంది. ఒకే మనిషి! మనకి స్టీరింగ్ కుడివైపు కదా, బందరు-విజయవాడ రూట్లో పాతికేళ్లు చేసిన ఏ డ్రైవరు గారి చేతులైనా పక్కపక్కన పెట్టించి చూడండి. గుడివాడ నుంచి రోజూ బస్సులో కిటికీ పక్కన కూర్చుని బడికెళ్లే టీచరు గారికీ ఇదే లెక్క.

పొలం పనులవాళ్లకి ఇంకా ఎక్కువ. "నీళ్లల్లో నిలబడతారు కదా, ఆ నీళ్ల మీంచి ఎండ కొడుతుంది" అని చాలామంది అంటారు. నీళ్లు వెనక్కి కొట్టేది పది శాతం లోపే. అసలు విషయం గంటలు. ఊడుపుల్లో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా, గిలకలదిండి దగ్గర చేపలు ఆరబెట్టేచోట, పెడనలో కలంకారీ గుడ్డలు ఉతికి ఎండలో పరిచేచోట, అన్నన్ని గంటలు ఎండ నెత్తిన ఉంటుంది. ఊడుపులకి వెళ్లే ఆడవాళ్లు చీర మీద ఇంట్లోవాళ్ల పాత ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకుని, తలకి గుడ్డ కట్టుకుంటారు చూశారా? అంతకంటే మంచి సన్‌స్క్రీన్ నాకు తెలీదు. చెమటకి కారిపోదు, రెండు గంటలకోసారి మళ్లీ రాయక్కర్లేదు.

అన్నట్టు, ఫోన్ వెలుగుకి మొహం నల్లబడుతుందని చెప్పి సీరమ్ అమ్మేవాళ్లున్నారు. ఫోన్ నుంచి వచ్చే వెలుగు, బయటి పగటి వెలుగు ముందు ఏ మూలకీ చాలదు. ఆ డబ్బుతో ఒక మంచి గొడుగు కొనండి.

ఇక ట్యూబు. మంగు వస్తే మన దగ్గర మొదటి డాక్టరు మెడికల్ షాపు. మా అమ్మ కూడా గుడివాడలో అలాగే ఒక షాపులో అడిగింది. చిన్న ట్యూబు ఇచ్చారు. రెండు వారాల్లో మొహం తేటగా అయింది, పక్కింటావిడ కూడా అదే కొంది. ఆరేళ్లు రాసింది. నేను సెలవుకి వచ్చినప్పుడు ట్యూబు తిప్పి చదువుతుంటే, "ఏరా, అది ఆడాళ్ల క్రీము, నీకెందుకు" అంది. వెనకాల ముత్యాల్లాంటి చిన్న అక్షరాల్లో మూడు పేర్లున్నాయి. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మోమెటాసోన్. మూడోది స్టెరాయిడ్.

ఈ మూడు రకాల మందుల్ని కలపడం కొత్తేమీ కాదు. 1975లోనే ఇద్దరు అమెరికా డాక్టర్లు ఇలాంటి కలయిక రాశారు. డాక్టరు చూస్తూ ఉండగా, కొన్ని వారాలు వాడితే పనికొచ్చే మందే. అక్కడ ఈ తరహా క్రీముకి అనుమతి ఎనిమిది వారాల దాకే. ఆరేళ్లు రాస్తే? స్టెరాయిడ్ చేసే పని ఏంటంటే చర్మాన్ని పల్చన చేయడం. వయసుతో అప్పటికే కొల్లాజెన్ పోతున్న చర్మాన్ని మనమే డబ్బులిచ్చి ఇంకా పల్చన చేస్తున్నాం. సన్నటి ఎర్ర నరాలు కనపడతాయి, బుగ్గల మీద నూగు పెరుగుతుంది, యాభై ఏళ్లకి మొటిమలు వస్తాయి. ఎండలోకి వెళ్తే మంట. ఒక్క నాలుగు రోజులు ఆపితే మొహం ఎర్రగా ఉబ్బి మండుతుంది కాబట్టి మళ్లీ రాస్తారు. తామర ఉన్నచోట రాస్తే దురద తగ్గినట్టే ఉండి లోపల పాకుతుంది. మన దేశంలో ఇది ఎంత ఎక్కువైపోయిందంటే, చర్మ వైద్యులు దీనికి "స్టెరాయిడ్‌తో దెబ్బతిన్న మొహం" అని ప్రత్యేకంగా పేరే పెట్టుకున్నారు. 2018 మార్చిలో కేంద్రం 14 రకాల పూత స్టెరాయిడ్లని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. కాగితం మీద అంతే ఉంది. షాపుల దగ్గర ఏం జరుగుతుందో మీరూ చూస్తున్నారు.

అందుకే ఈ రోజే ట్యూబు వెనక ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. బెటామెథాసోన్, క్లోబెటసాల్, మోమెటాసోన్, ఫ్లూఓసినోలోన్... చివర్లో "సోన్", "సాల్", "లోన్" అని వినిపిస్తే అనుమానించండి. కానీ నెలలు, ఏళ్ల తరబడి రాస్తున్నవాళ్లు కోపంతో ఒక్కసారిగా చెత్తబుట్టలో పడేయొద్దు. ఇందాక చెప్పిన ఎరుపు, మంట తిరగబడతాయి. మెల్లగా ఎలా ఆపాలో చర్మ వైద్యులే చెప్పాలి. మా అమ్మకి పూర్తిగా ఆగడానికి అయిదు నెలలు పట్టింది. మంగు పోయిందా అంటే లేదండి, పలచబడింది. మంగు పూర్తిగా మాయం చేస్తామని ఎవరన్నా అంటే ఆ షాపు మెట్లు దిగేయండి.

మరి రోజూ ఏం చేయాలి? ఖర్చు తక్కువే. పొడి చర్మానికి స్నానమైన మూడు నాలుగు నిమిషాల్లో, ఒళ్లు తడిగా ఉండగానే కొబ్బరినూనె గానీ, మామూలు పెట్రోలియం జెల్లీ గానీ రాయాలి. దివిసీమలో నాగాయలంక, కోడూరు వైపు బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, సబ్బు నురగ రాదు, రాదని ఇంకా గట్టిగా రుద్దుతారు. చంకలకీ, గజ్జలకీ, పాదాలకీ తప్ప రోజూ ఒళ్లంతా సబ్బు అక్కర్లేదు. సున్నిపిండి మంచిదే, కానీ గరగరా రుద్దితే మంగు ఇంకా నల్లబడుతుంది. రొయ్యల షెడ్లలో ఐసు నీళ్లలో చేతులు పెట్టేవాళ్లు గ్లవ్స్ లోపల పలచటి నూలు గ్లవ్స్ వేసుకుంటే చేతులు పగలడం తగ్గుతుంది.

సన్‌స్క్రీన్ కొంటే ఎస్‌పీఎఫ్ 30 చాలు, 97 శాతం ఆపుతుంది. 50 అయితే 98. ఆ ఒక్క శాతానికి రెట్టింపు ధర పెట్టొద్దు. మంగు ఉన్నవాళ్లకి మాత్రం ఐరన్ ఆక్సైడ్ కలిపిన, లేత రంగున్న రకం మేలు, ఎందుకంటే మామూలు వెలుగుకి కూడా మంగు పెరుగుతుంది.

మెడ వెనక నల్లగా, మందంగా, వెల్వెట్ గుడ్డలా అయిందా? దాన్ని మురికి అనుకుని పీచుతో తోమొద్దు. చాలాసార్లు అది షుగర్ రాబోతోందని శరీరం చెప్పే మాట. క్రీము కాదు, రక్త పరీక్ష చేయించండి. మానని పుండు, రంగో ఆకారమో మారుతున్న పుట్టుమచ్చ ఉంటే అసలు ఆగొద్దు.

బందరులో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. అక్కడి పెద్దాసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీ ఏ రోజుల్లో ఉంటుందో ముందు కనుక్కుని, పొద్దున్నే అమ్మని తీసుకెళ్లండి. షుగర్, థైరాయిడ్ రిపోర్టులు ఉంటే పట్టుకెళ్లండి. ఆ ట్యూబు కూడా, ఖాళీ అయినా సరే. దాని వెనకున్న పేర్లే డాక్టరు గారు మొదట అడుగుతారు.