గట్టున ముందే వేసిన మంట

(రేడియో ప్రసంగ పాఠము. వాక్యభాగము: యోహాను సువార్త 21వ అధ్యాయము, 1 నుండి 14 వచనములు)

ఇగం పెడుతున్న దినములివి. మీలో కొందరు ఇప్పుడే చెరువు నుండో డ్యాము నుండో వలలు తీసుకొని ఇల్లు చేరి ఉంటారు. ఈ వేళ నేను ముఖ్యముగా మీతోనే మాట్లాడాలనుకుంటున్నాను. చలిలో చేపలు పట్టేవాడు తన ఒంటిని ఎలా కాపాడుకోవాలి? ఇదేం ప్రసంగమండీ అని కొందరు అనుకోవచ్చు. మనము చదివిన భాగము చూడండి, మీకే తెలుస్తుంది.

తిబెరియ సముద్రము మీద ఏడుగురు శిష్యులు రాత్రంతా ప్రయాసపడ్డారు, ఒక్క చేప పడలేదు. తెల్లవారుతుండగా గట్టు మీద ఒకాయన నిలబడి ఉన్నాడు. ఆయన ప్రభువేనని తెలియగానే పేతురు ఏం చేశాడు? పనిలో తీసి పక్కన పెట్టిన పైబట్టను కట్టుకొని మరీ నీళ్లలో దూకాడు. ఎవరైనా నీళ్లలో దూకేముందు బట్ట విప్పుతారు, ఈయన వేసుకున్నాడు! గట్టుకు ఇన్నూరు మూరల దూరం. అంటే తెల్లవారుజామున నిలువెల్లా తడిసి, బరువైన తడిబట్టతో ఒడ్డుకు చేరిన మనిషి. అక్కడ ఏమున్నది? బొగ్గుల మంట, దాని మీద చేప, పక్కన రొట్టె. గమనించండి, వాళ్లు దిగిన తరువాత పుల్లలేరి వేసిన మంట కాదది. వాళ్లింకా నీళ్ల మీద ఉండగానే గట్టున సిద్ధముగా ఉన్నది.

చాలా ఏళ్లు ఈ వచనమును నేను చదివి దాటిపోయాను. నూట ఏబది మూడు చేపల గురించి ప్రసంగించాను గాని, మంట గురించి ఒక్కసారి కూడ చెప్పలేదు. నాకు దానిని నేర్పినది కడెం జలాశయం పక్క పల్లెలో ఒక పెద్దమ్మ.

అది క్రిస్మస్ ముందటి రాత్రుల్లో ఒకటి. ఇల్లిల్లు తిరిగి పాటలు పాడి, తెల్లవారుజామున నాలుగింటికి చర్చి ముందర నెగడు వేసుకొని టీ తాగుతున్నాము. చీకట్లోనుంచి ఒక బెస్త అన్న వచ్చి నెగడు దగ్గర నిలబడ్డాడు. భుజాన వల. దగ్గరికి రాగానే సారా వాసన. నేను ఊరుకుంటానా? తాగుడు ఇంటిని ఎట్లా కూల్చుతుందో మొదలుపెట్టాను. ఆయన "అవునయ్యగారూ" అంటున్నాడు గాని నాలుక మడత పడుతున్నది. ఎంత తాగాడో అనుకొని ఇంకా గట్టిగా చెప్పాను.

అప్పుడు ఆ పెద్దమ్మ లేచింది. "అయ్యగారూ, జర ఆగుర్రి. ఆయన అంగి సూసిన్రా?" అన్నది.

నేను చూడలేదు. అంగి, లుంగీ ఒంటికి అంటుకుపోయి ఉన్నాయి. ఆయన గుండీలు విప్పుకోబోతే వేళ్లు వంగడంలేదు. ఆమె తన కొడుకుకు విప్పినట్టు ఆ గుండీలు విప్పి, పొడి తువ్వాలతో ఒళ్లంతా తుడిచి, తన మీది గొంగడి తీసి నెత్తి మీదుగా కొప్పెర పెట్టి కప్పింది. మంటకు మరీ దగ్గర కాకుండా, కింద గోనెసంచి పరిచి కూర్చోబెట్టింది. పంచదార ఎక్కువ వేసి టీ పట్టించింది. అరగంటకు ఆయన మాట సాఫీగా వచ్చింది. అది సారా మడత కొంత, చలి మడత ఎక్కువ.

తరువాత ఆమె నాతో అన్నది: "నీళ్లల్ల ఉన్నంతసేపు ఏం గాదయ్యగారూ. గట్టెక్కినంకనే పాణం పోయేది." ఆమె భర్త కూడ వలలు వేసినవాడే. ఒక జనవరి తెల్లవారి గట్టెక్కి, తడిబట్టలతోనే ఒక రాయికి ఆనుకొని కూర్చున్నాడు. తాగి పడుకున్నాడని దాటిపోయారు అందరు. ఎండ వచ్చాక తట్టి లేపబోయారు.

ప్రియులారా, ఆమె చెప్పిన మాటలో నిజమున్నది. చలికాలపు తెల్లవారి నీళ్ల మీద ఆవిరి లేవడం మీరు చూస్తారు. గాలి కంటే నీళ్లే వెచ్చన. అందుకే తెప్ప మీద ఉన్నవాడు చెయ్యి నీళ్లలో పెట్టి "మంచిగనే ఉన్నది" అనుకుంటాడు. అది పైకి అనిపించేదే. నీరు ఒంటి వేడిని గాలి కంటే సుమారు 25 రెట్లు వేగముగా లాగేస్తుంది. గట్టెక్కిన తరువాత తడిబట్టకు గాలి తగిలితే మిగిలిన వేడి కూడ పోతుంది. మన శరీరపు వేడి 37 డిగ్రీలు. లోపలి వేడి 35కు దిగితే ప్రమాదము మొదలైనట్టే. మొదట వణుకు, తరువాత వేళ్లు మొద్దుబారడము, మాట తడబడడము, నడక తూలడము. ఆ తరువాత వణుకు ఆగిపోతుంది. వణుకు తగ్గింది, నయమైంది అనుకోకండి. అది చాలా చెడ్డ గుర్తు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

పాత ఆదిలాబాదు జిల్లాను 2016లో నాలుగు జిల్లాలుగా చేశారు గాని చలి మాత్రం విడిపోలేదు. సిర్పూర్ (యు), తిర్యాణి మండలము గిన్నెధరి వైపు కొన్ని సంవత్సరములు 5 డిగ్రీల కంటే కిందికి దిగింది.

మన జగిత్యాల వైపు అబ్బాయి ఒకడు అమెరికాలోని మిన్నెసోటాలో ఉంటున్నాడు. అక్కడ చెరువు మీదనే మంచు గట్టిపడుతుందట. మనకు మంచు అంటే కరీంనగర్ మార్కెట్లో చేపల పెట్టెలో కొట్టి వేసే గడ్డలే. పాపం, ఆ అక్కలు పొద్దున్నే ఒట్టి చేతులతో వాటిని కెలుకుతుంటారు. అక్కడైతే జనము మంచు మీద నడిచిపోయి, బర్మాతో రంధ్రము చేసి, గాలము వేసి కూర్చుంటారు. మనిషి నడవడానికి కనీసము 10 సెంటీమీటర్ల గట్టి మంచు ఉండాలని అక్కడి వాళ్లు చూసుకుంటారు. పైన గాలి సున్నాకు ఇరవై డిగ్రీలు కింద ఉన్నా, మంచు కింద చెరువు అడుగున నీళ్లు సుమారు 4 డిగ్రీలుంటాయి, అందుకే చేప బ్రతుకుతుంది. నాకు ఆశ్చర్యమైనది ఇది: అక్కడి చేప ఉండే నీటి చలిలో, ఇక్కడ గిన్నెధరి మనిషి కొన్ని తెల్లవారులు ఊపిరి పీల్చుతున్నాడు, ఒక్క నూలు అంగితో.

ఆ అబ్బాయి చెప్పిన జాగ్రత్తలు ఈ పెద్దమ్మ చేసిన పనులతో సరిపోయాయి. నూలుబట్ట తడిస్తే వెచ్చదనము పోతుంది, ఉన్ని తడిసినా కొంత కాపాడుతుంది. వాళ్లు ఉన్ని చొక్కాలు వేస్తారు. మనకు కురుమల గొంగడి ఉన్నది, దక్కను గొర్రె బొచ్చుతో నేసినది. ఒక్క మందపు బట్ట కంటే రెండు మూడు పలుచని బట్టలు మేలు. తెప్ప తోసేటప్పుడు చెమట పట్టక ముందే ఒకటి తీసెయ్యాలి, ఎందుకంటే చెమట కూడ తడే. గాలి కొట్టకుండా పైన ప్లాస్టిక్ సంచి చాలు. వాళ్లు మంచు మీద కాళ్ల కింద చెక్క వేసుకుంటారు, మీరు తడిరాయి మీద కాక ఎండుగడ్డి మీదనో గోనె మీదనో కూర్చోండి. ఒక జత పొడిబట్టలు, ఒక టోపీ, ప్లాస్టిక్ కవరులో చుట్టి గట్టున చెట్టుకు కట్టి వెళ్లండి. గట్టెక్కగానే ముందు తడిబట్ట విప్పాలి, తరువాతనే మంట. తడిబట్టతో మంట ముందు నిలబడితే ముందర కాలుతుంది, వెనక వణుకుతుంది.

సారా సంగతి కూడ చెప్పాలి, ఈసారి కోపము లేకుండా. తాగితే వేడెక్కినట్టు అనిపిస్తుంది, నిజమే. ఎందుకు? లోపలి వేడి నెత్తురుతోబాటు చర్మములోకి వస్తుంది. అక్కడనుండి గాలిలోకి పోతుంది. గుండెకు, కడుపుకు ఉండవలసిన వేడిని బయట పారబోసుకుంటున్నామన్నమాట. ఇంకొకటి, గుడిసె తలుపులు మూసి బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రపోకండి. ఆ విషవాయువుకు వాసన లేదు, లేపదు.

అపొస్తలుడైన పౌలు చెరసాలలోనుండి తిమోతికి వ్రాస్తూ, త్రోయలో విడిచిన తన అంగీ తెమ్మన్నాడు, చలికాలము రాకముందే రమ్మన్నాడు. అంతటి పౌలు అడగడానికి సిగ్గుపడలేదు. మన చేపల అన్నలు మాత్రం అడగరు. వాళ్లు అడిగేదాకా మేము ఆగినాము, అది మా తప్పు.

పేతురుకు ఇంతకుముందు ఇంకొక బొగ్గుల మంట తెలుసు. ప్రధానయాజకుని ముంగిట చలికి కాచుకొని, అక్కడే ఆయనను ఎరుగనన్నాడు. యోహాను ఈ రెండు చోట్ల ఒకే గ్రీకు మాట వాడాడు, క్రొత్త నిబంధనలో ఆ మాట మరెక్కడా లేదు. గట్టున ఆ మంటను చూసినప్పుడు పేతురుకు ఏమనిపించి ఉంటుంది? ప్రభువు మొదట ప్రశ్న అడగలేదు. మొదట కాచుకోనిచ్చాడు, తిననిచ్చాడు, ఆ తరువాతనే "నన్ను ప్రేమించుచున్నావా" అన్న సంగతి వచ్చింది. నేను ఆ రాత్రి వరుస తప్పి చేశాను.

మరుసటి సంవత్సరము నుండి మా యౌవనస్థులు డిసెంబరు, జనవరి నెలల్లో వంతులవారీగా తెల్లవారుజామున మూడున్నరకు గట్టుకు వెళ్తున్నారు. పొద్దున్నే లేవడానికి మొదట్లో చాలా గొణిగారు, ఇప్పుడు కూడ కొందరు గొణుగుతారు. మీ సంఘములో కూడ మొదలుపెట్టదలచితే, కట్టెలు ముందురోజే చూరు కింద పెట్టి ఎండబెట్టండి, రాత్రి మంచుకు తడిసినవి అంటుకోవు. అగ్గిపెట్టెలు రెండు తీసుకెళ్లండి, ఒకటి కవరులో. గాలి వీచే వైపు తడక ఒకటి నిలబెట్టండి. టీలో పంచదార దండిగా వెయ్యండి. తెప్పల దీపము కనబడగానే కాదు, అంతకు ముందే అంటించండి. మా దగ్గర ఆ బెస్త అన్నే ఇప్పుడు గట్టు మీద ఏ చోట మంట వేస్తే తెప్పల నుండి కనబడుతుందో పిల్లలకు చూపిస్తాడు.