మా మెస్సు మిత్రులు: ఉన్నవారి కబురు, పోయినవారి తలపు

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



పాత విద్యార్థుల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు మమ్మల్ని కోరినారు. మేమంటే ఎవరో ముందుగా మనవి చేసుకోవాలి. 1970లో కర్నూలు ఉస్మానియా కాలేజిలో డిగ్రీలో చేరి, పాతబస్తీలో ఒక మిద్దె పైవాటా అద్దెకు తీసుకొని, సొంతంగా మెస్సు నడుపుకొన్న తొమ్మిదిమందిమి మేము. ఇప్పుడు ఆరుగురం ఉన్నాం. అందరమూ డెబ్భై దాటినవాళ్లమే. ఈ సభకు నలుగురం రాగలిగినాం.

ఆ కాలేజిని 1947లో డాక్టర్ అబ్దుల్ హఖ్ గారు స్థాపించినారు. ఆయన పేరు మీదనే 2016లో కర్నూలులో ఉర్దూ విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఈ సంగతి ఇక్కడున్న పెద్దలకు కొత్త కాదు, పిల్లల కోసం చెబుతున్నాం. ఇంట్లో అంతకుముందు ఎవరూ కాలేజి గడప తొక్కని కుటుంబాల నుండి వచ్చినవాళ్లమే మాలో ఎక్కువమంది. ఊళ్లో దిగిన మొదటిరోజు కొండారెడ్డి బురుజు కింద నిలబడి, కాలేజికి దారి ఎటని ఒకరినొకరం అడుక్కొన్న బాపతు.

మెస్సులో ఎవరినీ అసలు పేరుతో పిలిచే అలవాటు లేదు. ఊరి పేరే పేరు. ఆదోని, డోన్, నంద్యాల, ఆత్మకూరు, పత్తికొండ, ఎమ్మిగనూరు, బనగానపల్లె, కోయిలకుంట్ల, నందికొట్కూరు. "ఏం నంద్యాలా, ఈరోజు బియ్యం వంతు నీదే కదా!" అంటే నంద్యాల లేచి సంచి పట్టుకొనేవాడు. ఇద్దరు హిందూ సోదరులు. అందులో బనగానపల్లె మాంసం ముట్టడు. ఆదివారం ఆయనకు వేరే కుండ, వేరే గరిటె. ఆ కుండలో పప్పు ఎంత బాగుండేదంటే మేమంతా దానిమీదే పడేవాళ్లం. పాపం, ఆయనకు అడుగున ఉన్నదే మిగిలేది. మామిడిపండ్ల కాలంలో ఊరికి పోయి ఒక బుట్ట తెచ్చి ఆ కసి తీర్చుకొనేవాడు. ఒక్కరికి ఒక్క పండే ఇచ్చి, మిగతావి మంచం కింద పెట్టి తాళం వేసేవాడు.

లెక్కలు ఆదోని రాసేవాడు. పొడుగాటి చిట్టా పుస్తకం ఒకటి కొని, బియ్యం, కిరసనాయిలు, బొగ్గులు, ఎవరెంత ఇచ్చినారు, ఎవరెంత బాకీ, అన్నీ కట్టుదిట్టంగా రాసేవాడు. చదువు ముగిసి విడిపోయేనాటికి అందులో సగం కాగితాలు ఖాళీగా మిగిలినాయి. వాటి మీద అందరి చిరునామాలూ రాసుకొన్నాం. ఆ తర్వాత ఎవరికి పెండ్లయినా, బిడ్డ పుట్టినా, బదిలీ అయినా ఆదోనికి ఒక కార్డు రాయడం, ఆయన చిట్టాలో ఎక్కించి తక్కినవారికి తెలియజేయడం, ఇదీ మా పాత విద్యార్థుల సంఘం. అధ్యక్షుడు లేడు, కార్యవర్గం లేదు, చందా లేదు. అందుకే నిలబడిందేమోనని మాలో కొందరి అనుమానం. కార్యదర్శిగారు క్షమించాలి.

చిట్టాలో ఏమున్నాయో కొంచెం చెబుతాం. ఆదోని తన ఊళ్లోనే పత్తి మిల్లులో లెక్కలు రాసి రిటైరయినాడు. డోన్ రైల్వేలో చేరినాడు. నంద్యాల, నందికొట్కూరు ఇద్దరూ బడిపంతుళ్లు. ఎమ్మిగనూరు బట్టల దుకాణం పెట్టినాడు. బనగానపల్లె బ్యాంకులో చేరి ఊరూరా తిరిగినాడు. కోయిలకుంట్ల వ్యవసాయం చూసుకొంటూ 1999లో గుండెపోటుతో పోయినాడు. మాలో మొదట పోయినది ఆయనే. నవ్వించడంలోనూ ఆయనే మొదటివాడు.

ఆత్మకూరు కథ వేరు. కువైట్ పోయి, నెలనెలా ఇంటికి డబ్బు పంపుతూ, చెల్లెళ్ల పెండ్లిండ్లు చేసినాడు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగింది. బ్యాంకులో ఉన్నది అక్కడే ఆగిపోయింది. బాగ్దాదు మీదుగా జోర్డాను చేరి, అమ్మాను నుండి ఎయిరిండియా విమానంలో బొంబాయికి వచ్చినాడు. అప్పుడట్లా లక్షమందికి పైగా మనవాళ్లను తీసుకొచ్చినారు. చేతిలో ఒక సంచి, అందులో రెండు జతల బట్టలు. కర్నూలు బస్టాండులో దిగినప్పుడు ఎదురుగా పోయిన మాతో ఆయన మొదట అన్నమాట, "చిట్టాలో నా చిరునామా మళ్లీ మార్చండ్రా." ఇప్పుడు ఆత్మకూరులో చిన్న కిరాణాకొట్టు ఉంది. షుగరు ఉంది, కొట్లో కాదు, ఒంట్లో. ఇది ఆయన చెప్పమన్న మాటే.

ఇక పత్తికొండ సంగతి. ఈ ప్రసంగానికి ఒప్పుకొన్నదే ఆయన కోసం.

మేము చివరి సంవత్సరంలో ఉండగా జై ఆంధ్ర ఉద్యమం వచ్చింది. 1972 చివర కాలేజీలు మూతపడినాయి. 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చింది. పరీక్షలు ఎప్పుడో ఎవరికీ తెలియదు. మెస్సు మూసి ఎవరి ఊరికి వాళ్లం పోయినాం. పత్తికొండ ఇంట్లో జరుగుబాటు కష్టంగా ఉండేది. ఖాళీగా కూచోలేక మేనమామ దుకాణంలో కుట్టుమిషను దగ్గర కూర్చున్నాడు. పరీక్షలు వచ్చేనాటికి ఇల్లు ఆ మిషను మీద నడుస్తూ ఉంది. ఆయన తిరిగి రాలేదు. మేము రాసిన ఉత్తరాలకు జవాబూ లేదు.

1996లో మేము కర్నూలులో కలుసుకొన్నప్పుడు నంద్యాల ముందురోజే పత్తికొండకు పోయి, దుకాణంలో కూర్చొని, "నువ్వు లేస్తేగానీ నేను లేవను" అని పట్టుబట్టి తీసుకొచ్చినాడు. వచ్చినాడు గానీ ఫోటోలో నిలబడనన్నాడు. "డిగ్రీ పాసు కానోణ్ని నేనేం పాత విద్యార్థిని భాయ్? మీ మధ్యల నాకేం పని?" అన్నాడు. ఆదోని చిట్టా తెరిచి 1971 నాటి లెక్క చూపించినాడు. "ఇదిగో, నీ పేరు మీద మూడు రూపాయల బాకీ ఉంది. బాకీ ఉన్నోడు సభ్యుడు కాకుండా ఎట్లా పోతాడు?" ఫోటోలో నిలబడినాడు. ఆ మూడు రూపాయలు మాత్రం ఇప్పటిదాకా ఇవ్వలేదు. ఇస్తే సభ్యత్వం పోతుందని ఆయన భయం!

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రి పొంగి కర్నూలు మునిగిన సంగతి మీకందరికీ తెలుసు. మీలో చాలామంది మిద్దెలెక్కి రాత్రులు గడిపినవారే. అప్పుడు చిట్టా పాతబస్తీలో మాలో ఒకరి ఇంట్లో ఉంది. బురదలోంచి తీసి, కాగితాలు ఒక్కొక్కటి విడదీసి దండెం మీద ఆరేసినాం. సిరాపెన్నుతో రాసినవన్నీ నీలపు మరకలైపోయినాయి. బాల్‌పెన్నుతో, పెన్సిలుతో రాసినవి మిగిలినాయి. ఆదోని ఎప్పుడూ సిరాపెన్నుతోనే రాసేవాడు, అది ఆయన దర్జా. పాత లెక్కలు, పాత చిరునామాలు చాలా పోయినాయి. పత్తికొండ తన దుకాణపు చిరునామా తానే బాల్‌పెన్నుతో రాసింది మాత్రం చెక్కుచెదరలేదు.

ఇప్పుడు పోయినవారి విషయం. ఆదోని 2021లో కరోనాలో పోయినాడు. దూరప్రయాణాలు చేసే రోజులు కావవి, మట్టి వెయ్యడానికి మాలో ఎవరమూ పోలేకపోయినాం. కానీ పోయిన గంటలోపల మా అందరికీ తెలిసింది. ఎట్లా అంటే, తన బీరువా తలుపు లోపలివైపున మా అందరి ఫోన్ నంబర్లు కాగితం మీద రాసి అంటించి, కూతురికి చూపించి ఉంచినాడు. ఆ అమ్మాయి ఏడుస్తూనే ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. ఎక్కడివాళ్లం అక్కడే కూర్చొని దుఆ చేసుకొన్నాం. బనగానపల్లె ఆ రోజు అన్నం ముట్టలేదట. తర్వాత ఆమెకు తండ్రి తాలూకు పెన్షను కాగితాలు తెమలకపోతే, మాలో బ్యాంకులో పనిచేసినాయన దగ్గరుండి ఆ పని చూసిపెట్టినాడు.

డోన్ 2018లో పోయినాడు. కొడుకులు దూరదేశాల్లో ఉన్నారు, వచ్చి జరపవలసినవి జరిపి తిరిగి పోయినారు. తండ్రికి కర్నూలు జిల్లాలో ఇంతమంది స్నేహితులున్నారని ఆ పిల్లలకు తెలియదు. ఐదునెలల తర్వాత మేము పంపిన ఈద్ కార్డు తిరిగొచ్చింది, పోస్టుమాను దానిమీద రాసిన ఒక్క మాటతో. ఆయన భార్య ఆ ఐదునెలలూ ఆ ఊళ్లోనే ఒంటరిగా ఉన్నది. మా నంద్యాల ఇంటికి ఆ ఊరు గంటన్నర ప్రయాణం. పిల్లలను మేము తప్పుపట్టడం లేదు. తెలియనిదానికి వాళ్లేం చేస్తారు?

కాబట్టి ఇక్కడున్న తల్లులకు, బిడ్డలకు మా మనవి ఇది. మీ ఇంటి పెద్దమనిషి స్నేహితులెవరో ఈరోజే అడిగి రాసిపెట్టుకోండి. వాట్సాప్‌లో ఉన్నారులే అనవద్దు. ఫోనుకు తాళం ఉంటుంది, ఆ తాళం ఆయనకే తెలుసు. పత్తికొండకైతే ఆ ఫోనే లేదు.

సంఘంవారికి కూడా ఒక మనవి. ఈ సంచికలో పాత విద్యార్థుల సమాచారానికి మీరు పంపిన ఫారం మాకు అందింది. పేరు, చదువు, హోదా, సాధించిన విజయాలు, పిల్లల ఉద్యోగాలు, విదేశాల్లో ఉంటే ఆ వివరాలు అని గళ్లున్నాయి. పిల్లలు పైకి వచ్చినారంటే మాకూ సంతోషమే, అందులో అసూయ లేదు. కానీ ఆ ఫారం పత్తికొండకు ఇస్తే, "ఇందులో నాకు ఒక్క గడీ లేదే" అని మడిచి తిరిగిచ్చినాడు. మాలోనే ఒకరు, "విశేషాలున్నవారే రాస్తారు, లేనివారు ఎందుకు రాయాలి?" అని వాదించినారు. మాకు ఆ వాదన రుచించలేదు. విశేషం లేని మనిషి కబురే ముందు తెలియాలి. అమెరికాలో మనవడు పుట్టినవాడు పిలవకపోయినా వచ్చి చెబుతాడు. అందుచేత హోదా అనే గడి కొట్టివేసి, దాని చోట రెండు ప్రశ్నలు వెయ్యమని కోరుతున్నాం. ఇప్పుడు ఎట్లా ఉన్నారు? ఇంట్లో తోడు ఎవరున్నారు?

ఆ రెంటికీ పత్తికొండ చెప్పిన జవాబు మేము రాసుకొచ్చినాం. సంచికలో అందరి వివరాలతోపాటు అచ్చు వెయ్యండి. "మిషను ఇంకా తొక్కుతున్నాను. కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, సూదిలో దారం నేనే ఎక్కిస్తున్నాను. ఇంట్లో నా భార్య, చిన్న మనవరాలు ఉన్నారు. మనవరాలు కర్నూలు కాలేజిలో చేరుతానంటోంది, ఆ ఊళ్లో అద్దె గదులు ఎట్లున్నాయో ఎవరన్నా చెప్పండి."

కొత్త ఫారాలు మేమే కొన్ని రాయించి తెచ్చినాం. తలుపు దగ్గర బల్లమీద ఉన్నాయి. బాల్‌పెన్నులూ అక్కడే పెట్టినాం. రాయలేనివారు చెబితే మేము కూర్చొని రాసుకొంటాం. సెలవు.