ఎండింది కొమ్మే, వేరు కాదు



సీతంపేట కొండల్లోనైనా, పార్వతీపురం వైపైనా వానలు మొహం చాటేస్తే తుప్పల కొసకొమ్మలు ఎండుతాయి. "సచ్చిపోనాది, నరికెయ్" అంటాం. కాస్త ఆగండి.

మొక్కలో నీళ్లు మోసే సన్నటి గొట్టాలుంటాయి. కాలేజీలో వాటిని దారువు అని చదువుకున్నాం. అక్కడ మోటారేమీ లేదు. ఆకుల్లోంచి ఆవిరయ్యే నీరే కింది నీటిని పైకి లాగుతుంది. నేలలో తడి తగ్గేకొద్దీ ఆ లాగుడు బిగుస్తుంది. మరీ బిగిస్తే గొట్టంలోకి గాలి దూరి నీటి ధార తెగిపోతుంది. అలాంటివి ఎక్కువైతే ఆ కొమ్మ ఎండిపోతుంది. ఆకులు రాలి, కొన్ని కొమ్మలు పోతే మిగతా మొక్కకు నీళ్ల ఖర్చు తగ్గుతుంది. వేరు బతికుంటే తంగేడు, రేగు వానలకి మొదట్లోంచి మళ్లీ చిగురిస్తాయి.

మొదలు దగ్గర గోటితో బెరడు గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. ఎండుపుల్లలు పొయ్యికి తెచ్చుకుందాం. మొదలు మాత్రం పెకలించొద్దు, నిప్పు పెట్టొద్దు.

ఇది ఒట్టి మొక్కల పాఠం కాదు. "ఇక్కడ అడవి చచ్చింది" అని ఎవరో రాసుకుపోతే రేపు ఆ కొండ మీద మన మాట చెల్లదు. మనం తరతరాలుగా కాపాడుకుంటున్న అడవిని కాపాడే, తిరిగి పెంచే హక్కు 2006 అటవీ హక్కుల చట్టంలోనే ఉంది. అందుకే అడవి చచ్చిందో బతికిందో మన గ్రామసభే ముందు చూడాలి.

వానలు పడనివ్వండి. చిగురే సాక్ష్యం చెబుతుంది.

జై ఆదివాసీ!