మనుమలకు ఏ పుస్తకం ఇద్దాం?

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షను దయాభిక్ష కాదు, ఉద్యోగి హక్కు అని తీర్పు ఇచ్చింది. ఆ రోజును తలుచుకుంటూ ఏటా ఇలా కలుస్తున్నాం. డి.ఎ. బకాయిల గురించీ, మెడికల్ రీయింబర్స్‌మెంటు గురించీ నాకంటే బాగా చెప్పగలవారు ఈ వేదిక మీద ఉన్నారు. కార్యదర్శి గారు నాకు పదిహేను నిమిషాలు ఇచ్చి, "మీకు పుస్తకాల పిచ్చి కదా, పిల్లల పుస్తకాల గురించి చెప్పండి" అన్నారు. నేను ముప్పై యేళ్లకు పైగా కర్నూలులో ఫైళ్లు రాసిన గుమాస్తాను, పండితుణ్ణి కాను. అనుభవంలోకి వచ్చిన నాలుగు మాటలు మనవి చేస్తాను.

ముందు మా ఇంటి సంగతి. నా శ్రీమతి నాలుగేళ్ల కిందట కాలం చేసింది. ఆమెది ప్రొద్దుటూరు దగ్గర పల్లె. చివరి రోజుల్లో మంచం మీద ఉండి కూడా, చిన్నప్పుడు విన్న కథలన్నీ రెండువందల పేజీల నోటు బుక్కులో రాసింది. మొదటి పేజీలో మనుమరాలి పేరు రాసి పెట్టింది. కర్మకాండలన్నీ ముగిసిన తర్వాత ఆ పుస్తకం పాప చేతిలో పెట్టాను. అప్పుడు తొమ్మిదో తరగతి. నాలుగు పేజీలు తిప్పి చూసి, "తాతా, జేజి ఏం రాసిందో నువ్వే చదివి చెప్పు" అంది.

అక్షరాలు తెలుసు. కానీ కూడబలుక్కొని వాక్యం చివరికి వచ్చేసరికి మొదటి మాట మరచిపోతోంది. లెక్కల్లో నూటికి తొంభై అయిదు తెచ్చుకునే పిల్ల! తప్పు దానిది కాదు. బడిలో గైడు చూసి బట్టీ పట్టించారు, ఇంట్లో మేము ఊరుకున్నాము. నేనైతే పుట్టినరోజు వచ్చినప్పుడల్లా దిండులాంటి నీతికథల పుస్తకం కొనిచ్చి, "ఎన్ని పేజీలయినాయి?" అని ఆడిటు చేసేవాణ్ణి. ఆ పుస్తకాలు ఈనాటికీ అట్ట నలగకుండా బీరువాలో ఉన్నాయి.

మన తరమంతా చందమామ చదువుకొని పెరిగింది. 1947 జూలైలో చక్రపాణి గారితో కలిసి ఆ పత్రికను మొదలుపెట్టిన బి. నాగిరెడ్డి గారు మన కడప జిల్లా పొట్టిపాడు వారే. అది ఆగిపోయి పదేళ్లు దాటింది. "ఇప్పుడు పిల్లలకు పుస్తకాలెక్కడివి?" అని మనం నిట్టూరుస్తూ ఉంటాం. నేనూ అలాగే అనేవాణ్ణి. ఆ నోటు బుక్కు సంగతి జరిగిన తర్వాత నిజంగా వెతకడం మొదలుపెట్టాను. నా మాట తప్పని తెలిసింది. నేను చూసినవాటిలో కొన్నింటిని వయసుల వారీగా చెబుతాను.

అయిదు నుంచి ఎనిమిదేళ్ల వారికి పెద్ద బొమ్మలు, తక్కువ మాటలు ఉన్న పలుచని పుస్తకాలు కావాలి. నేషనల్ బుక్ ట్రస్టు వారివీ, సికింద్రాబాదు 'మంచి పుస్తకం' వారివీ చూడండి. మనం ఉద్యోగంలో చేరిన కొత్తలో చవకగా దొరికిన సోవియట్ పిల్లల పుస్తకాలు గుర్తున్నాయా? వాటిలో కొన్నింటిని 'మంచి పుస్తకం' వారు మళ్లీ అచ్చు వేశారు.

ఎనిమిది నుంచి పన్నెండేళ్ల వారికి మన జిల్లాల రచయితలే ఉన్నారు. కేంద్ర సాహిత్య అకాడమీ 2010 నుంచి బాల సాహిత్య పురస్కారం ఇస్తోంది. 2023లో తెలుగులో అది మన ప్రొద్దుటూరు డి.కె. చదువులబాబు గారి 'వజ్రాల వాన' కథల సంపుటికి వచ్చింది. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో తలవంచుకొని వజ్రాలు వెతికే జనాన్ని చూసిన మనకు, పుస్తకం చేతిలోకి తీసుకోవడానికి ఆ పేరొక్కటి చాలు.

కర్నూలు ఎం. హరికిషన్ గారు సీమలో చెప్పుకునే జానపద కథలను సేకరించి పిల్లల కోసం రాశారు. మా మనుమరాలు వాటితోనే మొదలుపెట్టింది. మొదటి కథ రెండు పేజీలు చదివి, "తాతా, జేజి మాట్లాడినట్టే ఉంది" అంది. మన ఇంట్లో మాట్లాడే మాట అచ్చులో ఉంటుందని ఆ పిల్లకు అంతవరకూ తెలియదు. నేను కొనిచ్చిన దిండు పుస్తకాలు ఎందుకు నడవలేదో నాకు ఆ పూట అర్థమయింది.

ఈ వయసుకే మరొకటి 'రైలుబడి'. జపాను రచయిత్రి తెత్సుకో కురొయనాగి 1981లో రాసిన తన బాల్యం కథకు తెలుగు అనువాదం. టోక్యోలో పాత రైలుపెట్టెల్లో నడిచిన బడి అది. మొదటిరోజు ఆ హెడ్మాస్టరు ఒక చిన్నపిల్ల చెప్పే కబుర్లను గంటల తరబడి ఓపికగా వింటాడు. పిల్లలకంటే ముందు మనం చదవవలసిన పుస్తకం.

పదమూడు దాటిన పిల్లలకు రాజు, రాణి కథలిస్తే నవ్వుతారు. వేంపల్లె షరీఫ్ గారి 'జుమ్మా' కథలు ఇవ్వండి. ఆ పుస్తకానికి 2012లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. మన పక్కింటి ముస్లిం కుటుంబాల కష్టసుఖాలు అందులో ఉన్నాయి. ఇంటర్మీడియట్ పిల్లలకైతే సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి 'కొండపొలం' నవల. కరువులో గొర్రెలను మేతకూ నీళ్లకూ నల్లమల అడవికి తోలుకుపోవడాన్నే కొండపొలం అంటారు. చదువుకొని, ఉద్యోగం దొరక్క, అన్నింటికీ భయపడే కుర్రవాడు గొర్రెల కాపరులతో అడవికి వెళతాడు. 2021లో సినిమాగా కూడా వచ్చింది. ముందు సినిమా చూపించి తర్వాత పుస్తకం ఇచ్చినా తప్పులేదు.

"సెల్‌ఫోను వదలరు, కోచింగులతో తీరిక లేదు, ఎక్కడ చదువుతారండీ?" అని మీరు అడగవచ్చు. నిజమే. మా ఇంట్లో పనికివచ్చిన పద్ధతి చెబుతాను. రాత్రి అన్నాలయిన తర్వాత పదిహేను నిమిషాలు. ఒక పేజీ నేను పైకి చదువుతాను, ఒక పేజీ పాప చదువుతుంది. ఆ సేపు నా ఫోను కూడా పక్కన పెడతాను. తప్పు చదివితే వెంటనే దిద్దను. కథ అయిన తర్వాత "ఇందులో నీతి ఏమిటి?" అని అడగను. పది పేజీలు చదివినా రుచించకపోతే ఆ పుస్తకం పక్కన పెట్టి ఇంకొకటి తీస్తాం.

కొనలేనివారు గ్రంథాలయానికి తీసుకుపోండి. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మనం కడుతూనే ఉన్నాం కదా! కట్టిన డబ్బుకు హక్కు అడగడం పెన్షనర్లకు ఎవరూ నేర్పనక్కరలేదు. పిల్లల పుస్తకాలు లేకపోతే ఫలానావి తెప్పించమని కాగితం రాసివ్వండి. అర్జీ రాయడం మనకు చేతనయిన పనే.

మన సంఘానికి కూడా ఒక మనవి. ఈసారి బకాయిలు చేతికి వచ్చినప్పుడు ఒక్కొక్కరం ఒక్కొక్క పిల్లల పుస్తకం కొని మన భవనంలోని బీరువాలో ఒక అర నింపుదాం. మనతో వచ్చే మనుమలు వాటిని ఇంటికి తీసుకుపోయి చదివి తిరిగి ఇస్తారు. రిజిస్టరు నేను రాస్తాను.

చివరిగా ఆ నోటు బుక్కు సంగతి. మా పాప ఇప్పుడు ఇంటర్మీడియట్ పూర్తి చేసింది. ఆదివారం ఆదివారం జేజి కథ ఒకటి తానే చదివి నాకు వినిపిస్తోంది. గొర్రు అంటే ఏమిటి, కపిల అంటే ఏమిటి, వామి అంటే ఏమిటి అని అడుగుతుంది. ఒక మాట నాకూ తెలియక మా బావమరిదికి ఫోను చేసి కనుక్కున్నాం. ఇంకా పద్నాలుగు కథలున్నాయి. తొందర లేదు.