జెండా మార్చినవారు, చిరునామా మరచినవారు
(ఖరగపూర్‌లో రైల్వే, తపాలా ఉద్యోగుల సభలో మన సమాఖ్య నాయకులొకరు చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభకు రమ్మని మన కార్యకర్తలు రైల్వే క్వార్టర్లలోను, తపాలా కార్యాలయాలలోను తిరిగినప్పుడు ఒకే మాట పలుచోట్ల ఎదురైనదని చెప్పారు. "పార్టీ అయినా, యూనియన్ అయినా అంతా ఒక తాను ముక్కలే గదండీ! ఇవాళ ఈ జెండా, రేపు ఆ జెండా." ఆ మాట అన్నవారి మీద విసుక్కోవడం సులభం. ఈ ఊరిలో కాపురమున్న మనిషి ఆ మాట ఎందుకు అంటున్నాడో ఆలోచించవలసిన బాధ్యత మాత్రం మనది.

ఆంధ్రులు, బెంగాలీలు, ఒడియావారు, పంజాబీలు ఒకే కార్ఖానా గేటులోనుంచి పనికి వెళ్లే ఈ పట్టణం 1982 నుంచి 2016 దాకా ఒకే మనిషిని శాసనసభకు పంపుతూ వచ్చినది. ఆయన జ్ఞాన్ సింగ్ సోహన్‌పాల్, ఊరందరికీ "చాచా". ఆయన పార్టీ విధానాలతో మనకు తగాదాలు లేకపోలేదు. అయినా 1998లో తృణమూల్ కాంగ్రెసు పుట్టి, సహచరులెందరో అటు నడిచిపోయినా ఆయన కాంగ్రెసును విడువలేదు. 2016లో, తొంబై ఏళ్లు దాటిన వయసులో, భారతీయ జనతా పార్టీ అభ్యర్థి దిలీప్ ఘోష్ చేతిలో ఓడిపోయారు. మరుసటి ఏడు కన్నుమూశారు.

ఆ కాలం అక్కడితో ముగిసినది. అంతకు ముందటి సంవత్సరం, 2015లో, ఇక్కడి పురపాలక సంఘంలో ఏ పక్షానికీ ఆధిక్యత రాలేదు. ఎదుటి పార్టీల గుర్తుల మీద గెలిచినవారు కొందరు తృణమూల్ పక్షాన చేరిన మీదటనే పాలకవర్గం ఏర్పడినది. తరువాత గాలి అటు నుంచి ఇటు తిరిగినది. 2020 డిసెంబరు 19న, కంసావతి అవతలి ఒడ్డున, మేదినీపూర్ కాలేజీ మైదానంలో అమిత్ షా సమక్షంలో సువేందు అధికారి భారతీయ జనతా పార్టీ జెండా పట్టుకున్నారు. ఆయన వెంట పలువురు శాసనసభ్యులు. పాతవారిని కూలదోస్తామని లేచిన పార్టీ వేదిక పాతవారితోనే నిండిపోయినది.

రైల్వేవారికి బాగా తెలిసిన రెండు పేర్లు చెబుతాను. 2012 మార్చి బడ్జెటులో ప్రయాణ ఛార్జీలు పెంచినందుకు రైల్వే మంత్రి దినేశ్ త్రివేదిని ఆయన సొంత పార్టీయే పదవి నుంచి దింపించినది. ఆ కుర్చీలో కూర్చున్నవారు ముకుల్ రాయ్. 2017లో ముకుల్ రాయ్, 2021లో త్రివేది, ఇద్దరూ తృణమూల్‌ను వదలి భారతీయ జనతా పార్టీలోకి వెళ్లారు. ముకుల్ రాయ్ 2021 మే నెలలో ఆ పార్టీ గుర్తు మీద శాసనసభకు గెలిచి, నెలన్నర తిరగకుండానే పాత గూటికి చేరుకున్నారు. సభ్యత్వానికి రాజీనామా ఇచ్చారా? ఇవ్వలేదు. ఆయన మీద వచ్చిన ఫిర్యాదును 2022లో స్పీకరు కొట్టివేశారు.

ప్రజలు ఫిరాయింపుదారులను శిక్షిస్తారని మనం తరచు వేదికల మీద అంటుంటాము. 2021లో అలా గోడ దూకిన అభ్యర్థులు చాలామంది ఓడిన మాట నిజమే. అయితే మన ఖరగపూర్ సదర్‌లో గెలిచినదెవరు? ఆ ఫిబ్రవరిలోనే తృణమూల్ నుంచి వచ్చిన సినీ నటుడు హిరణ్ చటర్జీ. రాష్ట్రమంతా ఒకవైపు మొగ్గితే ఈ ఊరు మరోవైపు మొగ్గినది. కనుక పార్టీ మారినవాడని ఓటరుకు తెలియకపోలేదు. తెలిసే వేశాడు. అందరూ దాటినవారే అయినప్పుడు దాటడం ఒక గుర్తుగా మిగలదు. నా దృష్టిలో ప్రమాదం అక్కడున్నది. కోపం ఉన్నంతవరకు ఆశ ఉన్నట్లే. ఆశ్చర్యపోవడం కూడా మానుకున్న ఓటరును కదిలించడం కష్టం.

ఇది నేటి వ్యాధి కాదు. ఈ మేదినీపూర్ జిల్లా నేత అజయ్ ముఖర్జీ 1966లో కాంగ్రెసును వీడి బంగ్లా కాంగ్రెసు స్థాపించారు. ఎన్నికలకు వెళ్లి, ప్రజల తీర్పు పొంది, 1967లో ముఖ్యమంత్రి అయ్యారు. అదే ఏడు నవంబరులో ప్రఫుల్ల ఘోష్ 17 మంది సభ్యులతో బయటకు వచ్చి, ఏ ఎన్నికా లేకుండా ఆ కుర్చీ ఎక్కారు. అది మూడు నెలల ముచ్చటే అయినది. ఇద్దరూ తమ పక్షాన్ని విడిచినవారే. ఒకరు ప్రజల వద్దకు వెళ్లారు, మరొకరు గవర్నరు వద్దకు వెళ్లారు.

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మన కుటుంబాలకు 1982 గుర్తుండే ఉంటుంది. 1978 ఎన్నికల తరువాత అయిదేళ్లలో నలుగురు ముఖ్యమంత్రులను చూచి విసిగిన ఆంధ్ర ప్రజలు, 1982 మార్చి 29న ఎన్.టి. రామారావు స్థాపించిన తెలుగుదేశానికి తొమ్మిది నెలలలో అధికారమిచ్చారు. కొత్త ముఖాలన్నారు. ఆ మాట చాలావరకు నిజమే. కాని పార్టీ స్థాపనలో పాలుపంచుకున్న నాదెండ్ల భాస్కరరావు మాజీ కాంగ్రెసు మంత్రి. 1984 ఆగస్టు 16న గవర్నరు రామ్‌లాల్ రామారావును తొలగించి భాస్కరరావును గద్దె నెక్కించారు. జనం వీధులలోకి వచ్చారు. నెల తిరిగేసరికి, సెప్టెంబరు 16న, రామారావు మళ్లీ ప్రమాణం చేశారు. అంతటి ప్రజాబలం ఉండికూడా ఆయన తన శాసనసభ్యులను కర్ణాటకకు తరలించి కాపాడుకోవలసి వచ్చినది. ప్రజల మీద నమ్మకం, ప్రతినిధుల మీద అపనమ్మకం!

మరొక సంగతి కూడా ఉద్యోగులు మరువరాదు. ఆ ప్రభుత్వమే వచ్చీరాగానే, 1983లో, రాష్ట్రోద్యోగుల పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించినది. తరువాత పునరుద్ధరించినా, మధ్యలో ఇంటికి వెళ్లినవారి సంవత్సరాలు వెళ్లిపోయినవి. కొత్త పార్టీ అయినంత మాత్రాన అది మన పార్టీ కాదు.

చట్టం లేదా అంటారు. 1985లో 52వ రాజ్యాంగ సవరణ వచ్చినది. మూడింట ఒక వంతు చీలితే దోషం లేదన్నది. 2003లో 91వ సవరణ ఆ కంతను పూడ్చినది. మూడింట రెండు వంతుల "విలీనం" అనే ద్వారం మాత్రం తెరిచే ఉన్నది. తెలంగాణలో 2019 జూన్‌లో 18 మంది కాంగ్రెసు శాసనసభ్యులలో సరిగ్గా 12 మంది ఆ ద్వారంలోనుంచే తెలంగాణ రాష్ట్ర సమితిలోకి నడిచారు. ఒంటరిగా దూకితే నేరం, గుంపుగా దూకితే విలీనం. తీర్పు చెప్పే స్పీకరుకు చట్టంలో గడువూ లేదు. అదే తెలంగాణలో తరువాత భారత రాష్ట్ర సమితి నుంచి కాంగ్రెసులోకి వెళ్లిన పదిమంది విషయంలో, మూడు నెలలలో తేల్చండని 2025 జూలై 31న సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చినది.

తపాలా సోదరులకు నేను వేరే వివరించనక్కరలేదు. కవరు మీద వ్రాసిన చిరునామాను పోస్టుమాన్ మార్చరాదు. మరో చోటికి పంపాలంటే చిరునామాదారు వ్రాతపూర్వకంగా కోరాలి. ఓటరు వేసిన ఓటు అటువంటి ఉత్తరమే. అభిప్రాయం మారినవాడు పార్టీ మారవచ్చును; జీవితమంతా ఒకే మాట మీద ఉండాలని నేను అనను. కాని అతడు ఆ ఉత్తరాన్ని తిరిగి పంపినవారి చేతిలో పెట్టి, అనుమతి అడగాలి. సువేందు అధికారి రాజకీయాలను నేను సమర్థించను. అయినా పార్టీ మారేముందు ఆయన శాసనసభ్యత్వాన్ని వదులుకున్నారన్న మాట న్యాయంగా చెప్పాలి.

ఇక మన ఇంటి సంగతి. 1974 మే 8న మొదలై మూడు వారాలు సాగిన సమ్మెకు నాయకుడు జార్జి ఫెర్నాండెజ్. ఉద్యోగాలు పోగొట్టుకున్నవారు, జైళ్లకు వెళ్లినవారు ఆయన పిలుపు మీద నడిచారు. 1979 జూలైలో ఆయనే లోక్‌సభలో మొరార్జీ ప్రభుత్వాన్ని గట్టిగా సమర్థించి, కొద్ది రోజులలోనే ఆ ప్రభుత్వం నుంచి బయటకు నడిచారు. ఆయన త్యాగాలను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. "యూనియన్ వాళ్లూ అంతే" అనే మాటకు ఆ రోజున ఒక సాక్ష్యం దొరికినది, అంతే.

మరో సాక్ష్యమూ ఉన్నది, అదీ ఈ ఊరిదే. 1920ల చివర బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను నడిపించిన వి.వి. గిరి, 1954లో బ్యాంకు ఉద్యోగుల అవార్డును ప్రభుత్వం సవరించినప్పుడు కేంద్ర కార్మిక మంత్రి పదవిని వదులుకున్నారు. 1969లో సంజీవరెడ్డి మీద స్వతంత్రుడుగా రాష్ట్రపతి పదవికి నిలబడేముందు ఉపరాష్ట్రపతి పదవికి రాజీనామా ఇచ్చారు. ముందు కుర్చీ దిగారు, తరువాత పోటీ చేశారు.

రైల్వేలో 2013 తరువాత యూనియన్ గుర్తింపునకు రహస్య ఓటు మళ్లీ 2024 డిసెంబరులో గాని జరగలేదు. పదకొండేళ్లు చందా కడుతూ ఓటు లేకుండా ఉన్న సభ్యునికి నాయకుని నిలదీయడానికి గేటు మీటింగు తప్ప వేరే చోటు లేదు. అందుచేత మీ ముందు ఒక ప్రతిపాదన ఉంచుతున్నాను. మన శాఖలలో ఏ పదవిలో ఉన్నవారైనా ఏ పార్టీ టిక్కెట్టు తీసుకున్నా, నామినేషను వేయడానికి ముందే యూనియన్ పదవికి రాజీనామా ఇవ్వాలి. ఓడి తిరిగి వస్తే సభ్యుల ఓటుతోనే మళ్లీ పదవి పొందాలి. ఎన్నికల కాలంలో యూనియన్ కార్యాలయాన్ని, జీపును, బ్యానరును ఎవరికీ ఇవ్వరాదు. శాఖ జమాఖర్చులు ఏటా సర్వసభ్య సమావేశంలో చదివి వినిపించాలి.

దీనివల్ల కొందరు మంచి కార్యకర్తలను పోగొట్టుకుంటామని మన కార్యవర్గంలోనే ఒక మిత్రుడు అభ్యంతరం చెప్పారు. పోగొట్టుకోవచ్చును. ఆ నష్టం ఎంతో శాఖలే తూచాలి. ప్రతిపాదన పాఠం తెలుగులోను, బెంగాలీలోను, హిందీలోను శాఖలకు పంపుతున్నాము. అభ్యంతరాలున్నవారు సభ్యత్వ సంఖ్యతో సహా వ్రాతపూర్వకంగా కార్యదర్శికి అందజేయండి. వచ్చే సర్వసభ్య సమావేశంలో వాటిని ముందుగా చదివిన తరువాతనే ఓటింగు పెడతాము.