సోడియం బ్యాటరీ – కొనేముందు నాలుగు మాటలు

 

మందు చల్లే స్ప్రేయరుకూ, సోలారు దీపానికీ బ్యాటరీ కావాలి గదా! సీసం బ్యాటరీ బరువు. చార్జి చేయక నెలలతరబడి మూలన పడవేస్తే పాడవుతుంది. లిథియం బ్యాటరీ తేలికేగాని, ఆ లోహం అన్ని దేశాలలోనూ దొరకదు. అందుచేత శాస్త్రజ్ఞులు సోడియంవైపు చూశారు. సోడియం మనకు కొత్తది కాదు. ఉప్పులో ఉన్నది, చౌడు నేలలోనూ ఉన్నది.

బ్యాటరీ ధరలో పెద్ద వాటా ధన ధ్రువపు పదార్థానిది. సోడియం బ్యాటరీలో దీనికి వాడే ముఖ్యమైన రకం పొరల ఆక్సైడు. విస్తరాకుల కట్టను తలచుకోండి. ఒక్కొక్క ఆకు, ఇనుము, మాంగనీసు వంటి లోహాలు ప్రాణవాయువుతో కలిసిన పొర. సందులలో సోడియం ఉంటుంది. చార్జి చేసేటప్పుడు అది బయటికి వచ్చి అవతలి ధ్రువంలోని కర్బనంలో చేరుతుంది. వాడేటప్పుడు తిరిగి వస్తుంది. ఖరీదైన కోబాల్టు అక్కరలేదు. రాగి రేకు బదులు అల్యూమినియం రేకే చాలు. చౌకకు కారణం ఇదే.

2012లో జపాను శాస్త్రజ్ఞులు ఇనుము, మాంగనీసులతోనే ఇటువంటి పదార్థం చేసి చూపారు. చైనాలో రాగి కూడా కలిపిన రకం వాడుకలోకి వచ్చింది. 2024లో అక్కడి హుబే రాష్ట్రంలో లక్ష యూనిట్ల కరెంటు నిలువ చేసే సోడియం బ్యాటరీ కేంద్రం పని మొదలుపెట్టింది.

లోపాలు లేకపోలేదు. సోడియం లిథియంకన్న బరువైనది. కావున అంతే కరెంటుకు బ్యాటరీ బరువు పెరుగుతుంది. పొరలు మాటిమాటికీ ఉబ్బి, కుదించుకొని నలుగుతాయి. తేమ తగిలితే చౌడు పొంగినట్లు పైన తెల్లని పొర కడుతుంది. అందుకే కర్మాగారంలో పొడి గాలిలో చేసి, గట్టిగా మూసివేస్తారు. పొటాషియం ఇంకా పెద్దది. దాని పొరల రకం ప్రయోగశాల దాటలేదు.

ఇక మీరు గమనించవలసినవి:

1. వీపున మోసే స్ప్రేయరుకు బరువు ముఖ్యం. ఒకచోట నిలిచి ఉండే దీపానికి, నిలువ పెట్టెకు బరువు లెక్కలేదు. సోడియం అక్కడ నప్పుతుంది.

2. లిథియం చార్జరును సోడియం బ్యాటరీకి పెట్టవద్దు. రెండింటి వోల్టు హద్దులు వేరు.

3. ఉబ్బిన బ్యాటరీని విప్పవద్దు, పొడవవద్దు, గట్టున పారవేయవద్దు.

4. ఉప్పు చౌక గనుక బ్యాటరీ చౌక అంటే నమ్మి డబ్బు కట్టకండి. ఎన్ని చార్జీలకు హామీయో కాగితంమీద వ్రాయించుకోండి. ధరను ఆ సంఖ్యతో భాగించి చూడండి. నిజమైన చౌక ఏదో అప్పుడు తెలుస్తుంది.

విస్తరణ సిబ్బంది ఈ లెక్కను రైతుల ఎదుట వేసి చూపవలెనని కోరుతూ, సెలవు.